నివాస ప్రాంతాల్లో మత్తు వ్యాపారం: ‘తాత్కాలిక నిలుపుదల’ అంటే ఏమిటి? అండమాన్ దీవులకు వర్తించేదేమిటి?

గంజాయి విక్రయాన్ని చట్టబద్ధం చేసిన దేశాల్లోనూ, రాష్ట్రాల్లోనూ ఆ నిర్ణయం వెలువడిన మరుక్షణమే మరో ప్రశ్న తలెత్తింది: దుకాణం ఎక్కడ పెట్టాలి? చట్టం రాష్ట్ర రాజధానిలో తయారైనా, దుకాణం వెలిసేది మాత్రం ఏదో ఒక వీధిలోనే. ఆ వీధిలో బడి ఉంటుంది, గుడి ఉంటుంది, పిల్లలు ఆడుకునే మైదానం ఉంటుంది. అందుచేత అనేక పురపాలక సంఘాలు కొత్త గంజాయి వ్యాపారాలకు అనుమతులివ్వడాన్ని కొంత కాలం నిలిపివేశాయి. దీనినే ‘మారటోరియం’ లేదా తాత్కాలిక నిలుపుదల అంటారు.

అండమాన్ నికోబార్ దీవుల్లో గానీ, మన దేశంలో మరెక్కడ గానీ వినోద వినియోగం కోసం గంజాయి అమ్మే లైసెన్సు దుకాణం లేదు. అయినా ఈ అంశం మనకు సంబంధం లేనిది కాదు. ఈ దీవులకు తూర్పున సముద్రం దాటితే ఉన్న థాయిలాండ్ గంజాయి విధానంలో పెను మార్పులు చూసింది. అమెరికా, కెనడాల్లో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలు ఈ నిబంధనలున్న పట్టణాల్లోనే నివసిస్తున్నాయి. అన్నిటికీ మించి, ఇళ్ల మధ్య మద్యం దుకాణం వద్దని మన మహిళలు దశాబ్దాలుగా అడుగుతున్న ప్రశ్న కూడా సారాంశంలో ఇదే: మన వీధిలో ఏ వ్యాపారం ఉండాలో చెప్పే హక్కు మనకు ఉన్నదా, లేదా?

తాత్కాలిక నిలుపుదల స్వభావం

తాత్కాలిక నిలుపుదల శాశ్వత నిషేధం కాదు. ఒక వ్యాపారం మంచిదా, చెడ్డదా అన్న తీర్పు అందులో ఉండదు. ‘నిబంధనలు సిద్ధమయ్యే దాకా కొత్త అనుమతులు ఇవ్వము’ అన్న ప్రకటన మాత్రమే అది. ఈ వ్యవధిలో స్థానిక సంస్థ సాధారణంగా మూడు పనులు చేయవలసి ఉంటుంది. మొదటిది, భూ వినియోగ ప్రణాళికను పరిశీలించి ఏ ప్రాంతంలో అనుమతించవచ్చో, ఎక్కడ కూడదో నిర్ణయించడం. రెండవది, ప్రజాభిప్రాయ సేకరణ జరపడం. మూడవది, పాఠశాలలు, ఆసుపత్రులు, నివాస గృహాల నుంచి ఎంత దూరం పాటించాలో, ఏ వేళల్లో అమ్మకాలు సాగాలో, భద్రత ఎలా ఉండాలో లిఖిత నియమాలుగా రూపొందించడం.

నిలుపుదల సాధారణంగా కొత్త దరఖాస్తులకు మాత్రమే వర్తిస్తుంది. అప్పటికే లైసెన్సు పొంది నడుస్తున్న వ్యాపారాన్ని మూసివేయాలంటే వేరే చట్టపరమైన ప్రక్రియ అవసరమవుతుంది. ఈ తేడాను గుర్తించకపోవడం వల్లనే చాలా చోట్ల ప్రజలు ‘దుకాణం మూతపడుతుంది’ అని ఆశించి నిరాశపడుతుంటారు.

కాలిఫోర్నియా నమూనా: 45 రోజుల నుంచి రెండేళ్ల దాకా

ఈ అధికారానికి స్పష్టమైన కాలపరిమితి నిర్దేశించిన చట్టాల్లో కాలిఫోర్నియా రాష్ట్రానిది చెప్పుకోదగినది. అక్కడి ప్రభుత్వ నియమావళిలోని 65858వ సెక్షన్ ప్రకారం నగర మండలి అత్యవసర ప్రాతిపదికన తాత్కాలిక ఆర్డినెన్సు చేయవచ్చు. దానికి సామాన్య మెజారిటీ చాలదు. ఐదింట నాలుగు వంతుల ఓట్లు కావాలి. తొలి ఉత్తర్వు 45 రోజులు మాత్రమే అమల్లో ఉంటుంది. ఆ తరువాత ప్రజలకు నోటీసు ఇచ్చి, బహిరంగ విచారణ జరిపి 10 నెలల 15 రోజుల పాటు, అనంతరం మరో ఏడాది పాటు పొడిగించవచ్చు. మొత్తం రెండేళ్లకు మించడానికి వీలు లేదు.

ఇందులో మరో రెండు రక్షణలు ఉన్నాయి. ప్రజారోగ్యానికి, భద్రతకు లేదా సంక్షేమానికి తక్షణ ముప్పు ఉన్నదని మండలి కారణాలతో సహా నమోదు చేయాలి. గడువు ముగియడానికి 10 రోజుల ముందు, ఈ కాలంలో సమస్య పరిష్కారానికి ఏమి చేశారో లిఖితపూర్వక నివేదిక వెలువరించాలి. అంటే నిలుపుదల పేరిట నిర్ణయాన్ని నిరవధికంగా వాయిదా వేస్తూ పోవడానికి చట్టం అవకాశం ఇవ్వదు.

2016 నవంబర్ 8న కాలిఫోర్నియా ఓటర్లు ‘ప్రతిపాదన 64’ను ఆమోదించి పెద్దల వినియోగానికి గంజాయిని చట్టబద్ధం చేశారు. లైసెన్సు దుకాణాల్లో అమ్మకాలు 2018 జనవరి 1 నుంచి మొదలయ్యాయి. అయితే స్థానిక సంస్థలు తమ పరిధిలో ఈ వ్యాపారాన్ని నియంత్రించడానికి, పూర్తిగా నిషేధించడానికి సైతం ఆ చట్టమే వీలు కల్పించింది. పాఠశాలలు, శిశు సంరక్షణ కేంద్రాలు, యువజన కేంద్రాల నుంచి 600 అడుగుల దూరాన్ని సాధారణ ప్రమాణంగా నిర్ణయించి, దానిని మార్చుకునే స్వేచ్ఛను స్థానిక సంస్థలకు వదిలింది. అంతకు ముందే, 2013లో రివర్‌సైడ్ నగరానికి సంబంధించిన వివాదంలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, వైద్య అవసరాల గంజాయి కేంద్రాలను సైతం నగరాలు తమ భూ వినియోగ అధికారంతో నిషేధించవచ్చునని తీర్పు చెప్పింది.

న్యూజెర్సీ, ఇల్లినాయ్, ఒంటారియో

తెలుగువారు అధికంగా నివసించే న్యూజెర్సీ రాష్ట్రం మరో పద్ధతిని అనుసరించింది. 2020 నవంబర్ ప్రజాభిప్రాయ సేకరణ అనంతరం 2021 ఫిబ్రవరి 22న చట్టంపై సంతకం జరిగింది. ప్రతి పురపాలక సంఘానికీ 180 రోజుల గడువు ఇచ్చారు. ఆ ఏడాది ఆగస్టు 21లోగా తమ ఊరిలో ఏ తరగతి వ్యాపారాన్ని అనుమతించేదీ, ఏది కూడదనేదీ ఆర్డినెన్సు ద్వారా చెప్పాలి. చెప్పకపోతే తదుపరి ఐదేళ్ల పాటు నిషేధించే అవకాశం కోల్పోతారు. ఫలితంగా అధిక సంఖ్యాక పట్టణాలు ముందు జాగ్రత్తగా ‘ప్రస్తుతానికి వద్దు’ అని నిర్ణయించాయి. ముందు వద్దన్న పట్టణం తరువాత ఎప్పుడైనా అనుమతించవచ్చు గనుక అది సురక్షితమైన మార్గమని అవి భావించాయి. లైసెన్సు దుకాణాల్లో సాధారణ అమ్మకాలు 2022 ఏప్రిల్ 21న మొదలయ్యాయి. అనుమతించిన పట్టణాలకు చిల్లర అమ్మకాలపై 2 శాతం వరకు స్థానిక పన్ను విధించుకునే వీలు ఉన్నది.

ఇల్లినాయ్ రాష్ట్రంలో 2020 జనవరి 1 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. భారతీయ కుటుంబాలు పెద్ద సంఖ్యలో నివసించే నేపర్‌విల్ నగరం 2019లో వినోద వినియోగ అమ్మకాలకు తొలుత నిరాకరించింది. 2020 మార్చిలో ఓటర్ల అభిప్రాయం అడగగా స్వల్ప మెజారిటీ అనుకూలత వ్యక్తమైంది. అటుపై మండలి పరిమిత సంఖ్యలో దుకాణాలకు అంగీకరించింది. తాత్కాలిక నిరాకరణ తుది నిర్ణయం కాదనడానికి ఇది మంచి ఉదాహరణ.

కెనడా 2018 అక్టోబర్ 17న దేశవ్యాప్తంగా గంజాయిని చట్టబద్ధం చేసింది. ఒంటారియో రాష్ట్రం తన పురపాలక సంఘాలకు 2019 జనవరి 22 వరకు సమయం ఇచ్చి, చిల్లర దుకాణాలు వద్దనుకునేవారు చెప్పవచ్చునన్నది. మిసిసాగా, మార్ఖమ్ నగరాలు వద్దన్నాయి, బ్రాంప్టన్ అంగీకరించింది. మిసిసాగా 2023లో తన నిర్ణయాన్ని మార్చుకుని దుకాణాలను అనుమతించింది. ఒంటారియోలో ఒకసారి అనుమతించిన పట్టణం మళ్లీ వెనుకకు పోవడానికి వీలు లేదు. తొందరపడి ‘సరే’ అంటే తిరుగు దారి ఉండదు గనుకనే అక్కడి మండళ్లు వేచి చూసే ధోరణిని ఎంచుకున్నాయి.

సముద్రానికి ఆవలి ఒడ్డున

అండమాన్ సముద్రానికి తూర్పు తీరంలో ఉన్న థాయిలాండ్ ఇందుకు భిన్నమైన పాఠం చెబుతుంది. ఆ దేశం 2022 జూన్ 9న గంజాయిని మాదక ద్రవ్యాల జాబితా నుంచి తొలగించింది. అయితే దుకాణాల స్థానం, సంఖ్య, అమ్మకపు నియమాలు నిర్ణయించే సమగ్ర చట్టం అప్పటికి సిద్ధం కాలేదు. బ్యాంకాక్, ఫుకెట్ వంటి పర్యాటక కేంద్రాల్లో వేల సంఖ్యలో దుకాణాలు వెలిశాయి. పర్యవసానంగా వచ్చిన విమర్శల నడుమ 2025 జూన్‌లో ప్రభుత్వం గంజాయి పూల అమ్మకానికి వైద్యుని చీటీ తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు జారీ చేసింది. ఈలోగా పెట్టుబడి పెట్టినవారు నష్టపోయారు; దుకాణాల పక్కన నివసించేవారు మూడేళ్లు ఇబ్బంది పడ్డారు. నియమాలు ముందు, దుకాణాలు తరువాత అన్న క్రమం తప్పితే ఉభయ పక్షాలకూ నష్టమేనని ఈ అనుభవం తెలియజేస్తున్నది.

భారతదేశంలో చట్టం ఏమంటున్నది?

మన దేశంలో ఈ విషయాన్ని నియంత్రించేది 1985 నాటి మాదక ద్రవ్యాలు, మనోప్రేరక పదార్థాల చట్టం. వాడుకలో దీనిని ఎన్‌డీపీఎస్ చట్టం అంటారు. అది 1985 నవంబర్ 14 నుంచి అమల్లో ఉన్నది. గంజాయి మొక్క పూత లేదా కాత భాగాన్ని ‘గంజాయి’గానూ, దాని జిగురును ‘చరస్’గానూ చట్టం నిర్వచిస్తుంది. పూత లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు ఈ నిర్వచనంలోకి రావు. అందువల్లనే కొన్ని రాష్ట్రాల్లో ఆకుతో చేసే భంగుకు ఎక్సైజ్ నిబంధనల కింద లైసెన్సులు ఇస్తున్నారు.

శిక్షలు పరిమాణాన్ని బట్టి ఉంటాయి. గంజాయి విషయంలో ఒక కిలో వరకు ‘స్వల్ప పరిమాణం’. దీనికి ఏడాది వరకు కఠిన కారాగార శిక్ష లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. 20 కిలోలకు మించితే ‘వాణిజ్య పరిమాణం’; దీనికి 10 నుంచి 20 సంవత్సరాల జైలుశిక్ష, లక్ష నుంచి రెండు లక్షల రూపాయల జరిమానా ఉంటాయి. చట్టంలోని 10వ సెక్షన్ లైసెన్సుల జారీకి రాష్ట్ర ప్రభుత్వాలకు కొంత అధికారం ఇచ్చినా, అది వైద్య, శాస్త్రీయ అవసరాల చట్రానికి లోబడినది. 14వ సెక్షన్ నార, గింజలు వంటి పారిశ్రామిక అవసరాల సాగును ప్రభుత్వ ఉత్తర్వుతో అనుమతిస్తుంది. ఉత్తరాఖండ్ ఈ మార్గంలో ముందడుగు వేసిన రాష్ట్రం.

ఈ చట్రంలో పురపాలక సంఘానికి గానీ, పంచాయతీకి గానీ గంజాయి దుకాణాన్ని అనుమతించే అధికారం లేదు. అనుమతించే అధికారం లేనప్పుడు దానిని తాత్కాలికంగా నిలిపివేసే ప్రశ్నే ఉదయించదు. భవిష్యత్తులో చట్టం మారితే మాత్రం స్థానిక సంస్థల పాత్ర ఏమిటన్నది తొలి రోజునే చర్చకు వస్తుంది. ఐక్యరాజ్య సమితి మాదక ద్రవ్యాల కమిషన్ 2020 డిసెంబర్‌లో గంజాయిని 1961 నాటి ఒప్పందంలోని అత్యంత కఠినమైన నాలుగవ షెడ్యూలు నుంచి 27–25 ఓట్లతో తొలగించినప్పుడు భారత్ ఆ తీర్మానానికి అనుకూలంగా ఓటు వేసింది. దేశీయ చట్టం మాత్రం యథాతథంగా కొనసాగుతున్నది.

అండమాన్ నికోబార్ దీవుల పరిస్థితి

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల జనాభా సుమారు 3 లక్షల 80 వేలు. వారిలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఈ కేంద్రపాలిత ప్రాంతానికి శాసనసభ లేదు. రాజ్యాంగంలోని 240వ అధికరణ కింద రాష్ట్రపతి జారీ చేసే రెగ్యులేషన్లు ఇక్కడ చట్టాలతో సమానం. 1994లో వచ్చిన పంచాయతీల రెగ్యులేషన్, పురపాలక రెగ్యులేషన్ స్థానిక పాలనకు ఆధారం. పోర్ట్ బ్లెయిర్ నగరానికి పురపాలక మండలి ఉన్నది. ఆ నగరం పేరును శ్రీ విజయపురంగా మారుస్తున్నట్లు 2024 సెప్టెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. శాసనసభ లేని చోట ప్రజలు నేరుగా ఎన్నుకునే వార్డు సభ్యుడు, పంచాయతీ ప్రధాన్ వంటి ప్రతినిధుల మాటకు ప్రాధాన్యం మరింత ఎక్కువ.

మాదక ద్రవ్యాల విషయంలో ఈ దీవులు ఎదుర్కొంటున్న ముప్పు దుకాణాల నుంచి కాదు, సముద్ర మార్గం నుంచి. 2019 సెప్టెంబర్‌లో కార్ నికోబార్ సమీపాన మయన్మార్ పడవ నుంచి తీర రక్షక దళం 1,160 కిలోల కెటమైన్‌ను స్వాధీనం చేసుకున్నది. 2024 నవంబర్‌లో బ్యారెన్ ద్వీపం సమీపంలో మరో మయన్మార్ పడవలో 5,500 కిలోలకు పైగా మెథాంఫెటమైన్ పట్టుబడింది. ఆ పడవలోని ఆరుగురు సిబ్బందిని అదుపులోకి తీసుకున్నారు.

వ్యాపారాన్ని ప్రదేశాన్ని బట్టి పరిమితం చేయడం ఈ దీవులకు కొత్త కాదు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ రిజర్వు ప్రాంతాల్లో బయటివారి ప్రవేశాన్ని, వ్యాపారాన్ని నియంత్రిస్తున్నది. 2007లో పాలనా యంత్రాంగం జారవాల రిజర్వు చుట్టూ 5 కిలోమీటర్ల రక్షణ వలయం ప్రకటించి, అందులో పర్యాటక వ్యాపారాలపై ఆంక్ష పెట్టింది. ఒక రిసార్టు సంస్థ దీనిని సవాలు చేయగా, రిజర్వుకు వెలుపలి భూమిపై అటువంటి ఆంక్ష విధించే అధికారం అప్పటి రెగ్యులేషన్‌లో లేదని కలకత్తా హైకోర్టు భావించింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. అనంతరం 2012లో రెగ్యులేషన్‌ను సవరించి రక్షణ వలయానికి చట్టబద్ధమైన ఆధారం కల్పించారు. 2013 జనవరిలో కొత్త ప్రకటన వెలువడింది. ఉద్దేశం ఎంత మంచిదైనా అధికారానికి మూలం చట్టంలో కనిపించాలన్నది దీని నుంచి గ్రహించవలసిన నీతి. ఇళ్ల మధ్య ఒక దుకాణాన్ని ఆపాలని తీర్మానించే ఏ స్థానిక సంస్థకైనా ఇది వర్తిస్తుంది.

మద్యం దుకాణాలు: మన దగ్గరి పోలిక

నివాస ప్రాంతాల్లో లైసెన్సు పొందిన మత్తు వ్యాపారం అంటే మన దేశంలో ప్రధానంగా మద్యమే. అండమాన్‌లో మద్యం టోకు, చిల్లర వ్యాపారంలో ప్రభుత్వ రంగ సంస్థ అనిడ్కోకు ముఖ్య పాత్ర ఉన్నది. 1988లో ఏర్పడిన ఈ సంస్థ పర్యాటకం, పెట్రోలు, పాల సరఫరా వంటి రంగాల్లోనూ పనిచేస్తున్నది. అంటే ఇక్కడ విక్రేత, లైసెన్సు ఇచ్చేవారు, ఆదాయం పొందేవారు ఒకే పాలనా యంత్రాంగం నీడలో ఉన్నారు. అటువంటి చోట స్థానికుల అభ్యంతరాన్ని వినడానికి ప్రత్యేకమైన, స్వతంత్రమైన ప్రక్రియ ఉండటం మరింత అవసరం.

2016 డిసెంబర్ 15న సుప్రీంకోర్టు, తమిళనాడు ప్రభుత్వానికీ కె. బాలుకూ మధ్య నడిచిన కేసులో, జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండకూడదని ఆదేశించింది. 2017 మార్చి 31న ఈ దూరాన్ని 20 వేల లోపు జనాభా గల ప్రాంతాల్లో 220 మీటర్లకు తగ్గించింది. భౌగోళిక పరిస్థితుల దృష్ట్యా సిక్కిం, మేఘాలయలకు మినహాయింపు లభించగా, ఆ తరువాత అరుణాచల్ ప్రదేశ్‌కు, అండమాన్ నికోబార్ దీవులకు కూడా సడలింపు ఇచ్చారు. ఒక వైపు సముద్రం, మరో వైపు అడవి ఉన్న ఇరుకైన భూభాగంలో దుకాణాన్ని రహదారి నుంచి అర కిలోమీటరు జరపడం అంటే తరచుగా ఏదో ఒక జనావాసంలోకి నెట్టడమే.

ఆ ఇబ్బంది ప్రధాన భూభాగంలో స్పష్టంగా కనిపించింది. 2017 జూలైలో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త లైసెన్సు కాలం మొదలైనప్పుడు, రహదారుల పక్క నుంచి తొలగిన దుకాణాలు కాలనీల్లోకి చేరాయి. పలు పట్టణాల్లో మహిళలు దుకాణాల ముందు బైఠాయించి నిరసన తెలిపారు. ప్రమాదాల నివారణ కోసం తీసుకున్న నిర్ణయం ఇళ్ల ముంగిట కొత్త సమస్యను సృష్టించింది. ఒక చోట ఆంక్ష విధించేటప్పుడు వ్యాపారం ఎక్కడికి జరుగుతుందో ముందుగా ఆలోచించకపోతే ఇటువంటి పర్యవసానాలు తప్పవు. తాత్కాలిక నిలుపుదల ప్రయోజనం సరిగ్గా ఇక్కడే ఉన్నది: దుకాణం జరిగే ముందు స్థలాన్ని నిర్ణయించడానికి అది వ్యవధి ఇస్తుంది.

దూబగుంట నుంచి నేటి దాకా

మత్తు వ్యాపారంపై స్థానిక ప్రజల నిర్ణయాధికారాన్ని తెలుగువారు ప్రత్యక్షంగా పరీక్షించిన సందర్భం 1992 నాటి సారా వ్యతిరేక ఉద్యమం. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా ఉద్యమం ప్రేరణతో మహిళలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ కదలిక జిల్లా అంతటా వ్యాపించి, సారా వేలం పాటలను అడ్డుకున్నది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోనూ, అదే ఏడాది అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం విధించగా, 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దానిని సడలించింది.

నిషేధం ఎత్తివేసిన తరువాత మిగిలిన సాధనం దూరపు నిబంధనే. ఆలయాలు, విద్యాసంస్థలు, ఆసుపత్రులకు 100 మీటర్ల లోపు దుకాణం కూడదన్నది ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ నిబంధనల్లో ప్రధానమైన అంశం. ఇందులో ఇళ్ల ప్రస్తావన లేకపోవడం గమనార్హం. బడి, గుడి, ఆసుపత్రి లేని కాలనీకి చట్టపరమైన రక్షణ అంతగా లేదు. లైసెన్సు దుకాణానికి అనుబంధంగా ఊళ్లలో వెలిసే బెల్టు షాపులు ఏ దూరపు నిబంధనకూ లోబడవు. కాగితంపై దూరం కొలిచే అధికారి అనధికార అమ్మకాన్ని అరికట్టలేకపోతే నిబంధనకు విలువ ఉండదు.

గంజాయి విషయంలో తెలుగు రాష్ట్రాల సమస్య మరోలా ఉన్నది. ఆంధ్రప్రదేశ్–ఒడిశా సరిహద్దు మన్యంలో సాగు, అక్కడి నుంచి ఇతర రాష్ట్రాలకు రవాణా పోలీసులకు పెద్ద సవాలు. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘పరివర్తన’ పేరిట సాగు ధ్వంసం చేపట్టారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపంలో సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగులబెట్టారు. తరువాత ‘ఈగల్’ పేరుతో ప్రత్యేక విభాగం ఏర్పడింది.

ఓటుతో నిర్ణయం: ఇతర రాష్ట్రాల అనుభవం

స్థానికులకు నేరుగా నిర్ణయాధికారం ఇచ్చిన నిబంధనలు మన దేశంలోనే ఉన్నాయి. రాజస్థాన్‌లో 1975 నాటి నియమాల కింద ఒక పంచాయతీ ఓటర్లు మద్యం దుకాణం మూసివేతకు ఓటింగ్ కోరవచ్చు. రాజ్‌సమంద్ జిల్లా కాఛబలీ గ్రామం 2016లో ఈ మార్గంలో దుకాణాన్ని మూయించింది. మహారాష్ట్రలో గ్రామం లేదా వార్డులోని 25 శాతం మహిళా ఓటర్లు కోరితే రహస్య ఓటింగ్ జరుగుతుంది. దుకాణం వద్దని చెప్పడానికి ఓటు పత్రంపై అడ్డంగా పడుకోబెట్టిన సీసా గుర్తు ఉంటుంది. కేరళలో మద్యం దుకాణానికి స్థానిక సంస్థ నిరభ్యంతర పత్రం కావాలన్న నిబంధన ఉండగా, 2017లో అక్కడి ప్రభుత్వం ఆ నిబంధనను తొలగించింది. స్థానికులకు ఇచ్చిన అధికారం తిరిగి తీసుకోవడం ఎంత సులభమో ఈ చివరి ఉదాహరణ చూపుతుంది.

మద్యం వ్యాపారం చేసే ప్రాథమిక హక్కు ఎవరికీ లేదని 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రాజ్యాంగంలోని 47వ అధికరణ ఆరోగ్యానికి హానికరమైన మత్తు పదార్థాల వినియోగాన్ని నిషేధించడానికి రాజ్యం ప్రయత్నించాలని నిర్దేశిస్తున్నది. కాబట్టి స్థలాన్ని బట్టి పరిమితులు విధించడానికి రాజ్యాంగపరమైన అడ్డంకి లేదు. లోపిస్తున్నది చాలా చోట్ల ప్రక్రియ మాత్రమే.

అనుకూల, ప్రతికూల వాదనలు

తాత్కాలిక నిలుపుదలను సమర్థించేవారు చెప్పేది ఇది: ఒకసారి దుకాణం వెలిసి, అద్దె ఒప్పందాలు కుదిరి, పెట్టుబడి పెట్టిన తరువాత దానిని కదిలించడం కష్టం. ముందే ఆగడం వల్ల ప్రజలకు, వ్యాపారికి కూడా స్పష్టత లభిస్తుంది.

వ్యతిరేకించేవారి వాదనలోనూ బలం ఉన్నది. లైసెన్సు దుకాణం లేని చోట కొనుగోలు ఆగిపోదు. అది అనధికార అమ్మకందారు చేతికి వెళుతుంది. అతడు వయసు అడగడు, నాణ్యత చూడడు, పన్ను కట్టడు. రెండవది, ధనికుల కాలనీలు గట్టిగా అభ్యంతరం చెప్పి తప్పించుకుంటే, అనుమతించిన దుకాణాలన్నీ పేదల బస్తీల్లో పోగుపడతాయి. మూడవది, మళ్లీ మళ్లీ పొడిగించే నిలుపుదల దొడ్డిదారి నిషేధంగా మారుతుంది. ఈ మూడింటికీ సమాధానం గడువు, లిఖిత కారణం, బహిరంగ విచారణ, ప్రాంతాల మధ్య సమాన పంపిణీ.

ప్రవాస తెలుగువారు గమనించవలసినవి

అమెరికాలో రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టం కింద గంజాయి నియంత్రిత పదార్థమే. పౌరసత్వం లేనివారు గంజాయి వాడినట్లు అంగీకరించినా, ఆ పరిశ్రమలో ఉద్యోగం చేసినా పౌరసత్వ దరఖాస్తుకు ఆటంకం కలగవచ్చునని అక్కడి వలస సేవల సంస్థ 2019 ఏప్రిల్‌లో మార్గదర్శకం జారీ చేసింది. తాత్కాలిక వీసాపై ఉన్నవారు, శాశ్వత నివాస హోదా ఉన్నవారు ఇది గుర్తుంచుకోవాలి. విదేశంలో చట్టబద్ధంగా కొన్నదైనా గంజాయి లేదా దానితో చేసిన మిఠాయి, నూనె వంటివి భారత్‌కు తీసుకురావడం ఎన్‌డీపీఎస్ చట్టం కింద నేరం. బ్యాంకాక్ నుంచి మన విమానాశ్రయాలకు వచ్చే ప్రయాణికుల వద్ద ఇటువంటి సరకు తరచుగా పట్టుబడుతున్నది.

పౌరులకు ఉన్న మార్గాలు

నివాస ప్రాంతంలో కొత్త మద్యం దుకాణం లేదా బార్ రాబోతున్నదని తెలిస్తే, ముందుగా దానికి లైసెన్సు మంజూరైందా, దరఖాస్తు దశలోనే ఉన్నదా అన్నది తెలుసుకోవాలి. దరఖాస్తు దశలో చెప్పిన అభ్యంతరానికి ఉన్న బలం, దుకాణం తెరిచిన తరువాత చేసే ఫిర్యాదుకు ఉండదు. సమాచార హక్కు చట్టం కింద లైసెన్సు పత్రాలు, స్థల తనిఖీ నివేదిక, దూరం కొలిచిన వివరాలు కోరవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. గ్రామ సభలో తీర్మానం చేయించి, దాని ప్రతిని జిల్లా కలెక్టర్‌కు, ఎక్సైజ్ అధికారులకు పంపవచ్చు. పట్టణాల్లో వార్డు సభ్యుని ద్వారా పురపాలక మండలి అజెండాలో చేర్పించవచ్చు. అండమాన్ దీవుల్లో న్యాయపరమైన పరిష్కారం కోరేవారికి కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉన్నది.

అభ్యంతర పత్రంలో ఆవేశం కంటే వివరాలు ఉపయోగపడతాయి: సమీపంలోని బడి, అంగన్‌వాడీ, ఆసుపత్రి పేర్లు, వాటి దూరం, దారి వెడల్పు, రాత్రివేళ మహిళల రాకపోకలు, సంతకాలు చేసిన కుటుంబాల సంఖ్య.

మాదక ద్రవ్యాల అమ్మకం, రవాణా గురించిన సమాచారాన్ని మాదక ద్రవ్యాల నియంత్రణ బ్యూరో ‘మానస్’ హెల్ప్‌లైన్ 1933కు తెలియజేయవచ్చు. వ్యసనం నుంచి బయటపడదలచిన వారు, వారి కుటుంబ సభ్యులు 14446 నంబరులో సలహా పొందవచ్చు.

గంజాయి చట్టబద్ధం కావాలా, వద్దా అన్నది పార్లమెంటు నిర్ణయించవలసిన విషయం. కానీ ఏ మత్తు వ్యాపారమైనా ఎవరి ఇంటి పక్కన సాగాలన్నది ఆ ఇంటివారిని అడగకుండా తేల్చవలసినది కాదు. అడగడానికి కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధికి గడువు, కారణం, జవాబుదారీతనం ఉన్నప్పుడే తాత్కాలిక నిలుపుదల పాలనా సాధనంగా పనికివస్తుంది.